ఫ్రేము ఎక్కడ చిక్కుకుంది: లైనక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లు, స్క్రీన్ రిఫ్రెష్ సమస్యల ప్రాజెక్టు డైరీ

బెంచి మీద ఉన్నవి

యంత్రాలు మూడు. మూడింటి మీదా ఫిర్యాదు ఒకటే: స్క్రీన్ సరిగ్గా రిఫ్రెష్ కావడం లేదు.

మొదటిది ఇంటెల్ గ్రాఫిక్స్‌కు వాడే ఐ915 డ్రైవర్‌తో నడిచే ల్యాప్‌టాప్, 1920×1080 ప్యానెల్. టైపు చేసిన అక్షరాలు వెంటనే కనిపించవు. మౌస్ కదిపితే ఒక్కసారిగా అన్నీ వస్తాయి. రెండోది ఏఎండీ గ్రాఫిక్స్‌కు వాడే ఏఎండీజీపీయూ డ్రైవర్ ఉన్న ఏపీయూ (ప్రాసెసర్, గ్రాఫిక్స్ ఒకే చిప్పులో ఉన్న రకం) ల్యాప్‌టాప్. లోపలి తెర మీద అప్పుడప్పుడూ తెల్లని మెరుపులు. దానికి హెచ్‌డీఎంఐతో తగిలించిన 4కే మానిటర్ 30 హెర్ట్జ్ దాటడం లేదు. మూడోది ఎన్‌విడియా సొంత డ్రైవర్‌తో వేలాండ్ (అప్లికేషన్లు తెర మీద విండోలు చూపించడానికి వాడే కొత్త పద్ధతి, పాతది ఎక్స్) నడుస్తున్న డెస్క్‌టాప్. కొన్ని విండోల్లో ఇప్పుడే కొట్టిన అక్షరం మాయమై, మళ్లీ వస్తుంది.

ఇలాంటి ఫిర్యాదు రాగానే గ్రబ్ (యంత్రం మొదలవగానే లైనక్స్‌ను లోడ్ చేసే ప్రోగ్రామ్) లైన్లో అరడజను పారామీటర్లు ఒకేసారి చేర్చడం చాలామందికి అలవాటు. సమస్య పోయినా ఏది పోగొట్టిందో తెలియదు. ఆ అరడజనూ ఏళ్ల తరబడి అక్కడే ఉండిపోయి బ్యాటరీని తింటాయి. ఈ ప్రాజెక్టులో పెట్టుకున్న నియమం: ఫ్రేము ఏ మెట్టు దగ్గర చిక్కుకుందో తేలేవరకు ఏ సెట్టింగునూ ముట్టుకోకూడదు. తేలాక, ఆ మెట్టులో ఉన్న అతి చిన్న స్విచ్చును మాత్రమే తిప్పాలి.

కింద ఆదేశాలను, ఫైలు పేర్లను పలికినట్టే రాశాం. టెర్మినల్లో ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

ఫ్రేము నడిచే దారి

అప్లికేషన్ తన బొమ్మను జీపీయూ మెమరీలో గీస్తుంది. కాంపోజిటర్ అన్ని విండోలనూ కలిపి ఒక పూర్తి తెర బొమ్మ తయారు చేస్తుంది. కెర్నల్ (లైనక్స్ మూలభాగం) లో తెర పనులు చూసే కేఎంఎస్ భాగం ఆ బఫరును డిస్‌ప్లే ఇంజనుకు అప్పగిస్తుంది. ఇంజను దాన్ని వరుస వరుసగా చదివి కేబుల్లోకి పంపుతుంది. చివరికి ప్యానెల్ చూపిస్తుంది. దీన్ని రెండు ముక్కలు చేస్తే పని సగం అయినట్టే: బఫరు తయారయ్యే వరకు ఒక ముక్క, బఫరు నుంచి కంటి దాకా రెండో ముక్క.

మౌస్ పాయింటర్ మాత్రం ఈ దారిలో సాధారణంగా కలవదు. దానికి హార్డ్‌వేర్‌లో విడిగా ఒక ప్లేన్ (పొర) ఉంటుంది. మిగతా తెరంతా బిగుసుకుపోయినా పాయింటర్ హాయిగా తిరగడానికి కారణం ఇదే. పాయింటర్ కదులుతోంది కాబట్టి డ్రైవర్ బాగానే ఉందనుకోవడం తప్పు.

స్క్రీన్‌షాట్ పరీక్ష, దాని పరిమితి

తెర మీద తేడా కనిపిస్తున్న క్షణంలో స్క్రీన్‌షాట్ తీయాలి, అదే క్షణంలో ఫోన్‌తో తెరను ఫొటో కూడా తీయాలి. రెండింట్లోనూ తేడా ఉంటే తప్పు బఫరు తయారీలోనే ఉంది: అప్లికేషన్, మెసా (గీసే పని చేసే ఓపెన్ సోర్స్ డ్రైవర్ల సమూహం), లేదా కాంపోజిటర్. ఫొటోలో తేడా ఉండి స్క్రీన్‌షాట్ శుభ్రంగా వస్తే తప్పు ఆ తర్వాతి ముక్కలో ఉండే అవకాశం ఎక్కువ.

అవకాశం ఎక్కువ అని మాత్రమే ఎందుకు అంటున్నామంటే, చాలా కాంపోజిటర్లు స్క్రీన్‌షాట్ అడిగినప్పుడు తెర మీది బఫరును కాపీ చేయవు. దృశ్యాన్ని కొత్త బఫరులోకి మొదటి నుంచి గీస్తాయి. తెర మీది బఫరులో పాత ముక్కలు మిగిలిపోయినా కొత్త గీతలో అవి ఉండవు. ఈ సందేహం తీరాలంటే డిస్‌ప్లే ఇంజను నిజంగా చదువుతున్న బఫరునే పట్టుకోవాలి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో సాధనంలోని కేఎంఎస్‌గ్రాబ్ ఆ పని చేస్తుంది:

సుడో ఎఫ్ఎఫ్ఎంపెగ్ -డివైస్ /డెవ్/డీఆర్ఐ/కార్డ్0 -ఎఫ్ కేఎంఎస్‌గ్రాబ్ -ఐ - -వీఎఫ్ 'హెచ్‌డబ్ల్యూమ్యాప్=డిరైవ్_డివైస్=వీఏఏపీఐ,హెచ్‌డబ్ల్యూడౌన్‌లోడ్,ఫార్మాట్=బీజీఆర్0' -ఫ్రేమ్స్:వీ 1 బఫర్.పీఎన్‌జీ

పై ఆదేశంలోని వీఏఏపీఐ మ్యాపింగ్ వదిలేస్తే టైలింగ్ (జీపీయూ బొమ్మను మెమరీలో గళ్లుగా దాచే పద్ధతి) వల్ల బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరి వస్తుంది. అది తెర సమస్య కాదు, కంగారు పడనక్కర్లేదు. కేఎంఎస్‌గ్రాబ్ బొమ్మ శుభ్రంగా ఉండి కంటికి తేడా కనిపిస్తుంటే, తప్పు డిస్‌ప్లే ఇంజనులోనో, కేబుల్లోనో, ప్యానెల్లోనో ఉన్నట్టే.

ఫలితాలు. మొదటి ల్యాప్‌టాప్: కేఎంఎస్‌గ్రాబ్ శుభ్రం, ఫొటోలో అక్షరాలు లేవు. రెండో ల్యాప్‌టాప్: కేఎంఎస్‌గ్రాబ్ శుభ్రం, వీడియో తీస్తే తెల్లని మెరుపు దొరికింది. డెస్క్‌టాప్ మీద కేఎంఎస్‌గ్రాబ్ అవసరమే రాలేదు, స్క్రీన్ రికార్డింగులోనే అక్షరాలు వెనక్కి వెళ్లడం కనిపించింది. ఫిర్యాదు ఒకటే అయినా జబ్బులు వేరువేరు.

చేయి పెట్టకముందు రాసుకున్నవి

ప్రతి యంత్రం మీదా మొదట: యూనేమ్ -ఆర్ తో కెర్నల్ వెర్షను, కాట్ /ప్రాక్/సీఎండీలైన్ తో బూట్ పారామీటర్లు, ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే తో గ్రాఫిక్స్ కార్డుకు ఏ డ్రైవర్ అతుక్కుందో. మొదటి ల్యాప్‌టాప్ సీఎండీలైన్‌లో నోమోడ్‌సెట్ కనిపించింది. ఫిర్యాదు మొదలయ్యాక ఎవరో పెట్టి తీయడం మరిచినది. దీని గురించి గట్టిగా చెప్పాలి: నోమోడ్‌సెట్ పరిష్కారం కాదు. అది ఉంటే కెర్నల్ అసలు డ్రైవర్‌ను లోడ్ కానివ్వదు. ఫర్మ్‌వేర్ ఇచ్చిన ఫ్రేమ్‌బఫరు మీదే తెర నడుస్తుంది, రిజల్యూషను, రిఫ్రెష్ రేటు మారవు, గీసే పనంతా ప్రాసెసర్ మీద పడుతుంది. తెర నల్లగా ఉండిపోయినప్పుడు లోపలికి వెళ్లి సరిచేసుకోవడానికి ఒక్క బూట్‌కు వాడాలి, అంతే. తీసేశాక ఐ915 లోడైంది, ఆ తర్వాతే అసలు సమస్యను పరీక్షించగలిగాం. ఈ ల్యాప్‌టాప్ మీద పైన చెప్పిన ఫలితాలు కూడా ఆ తర్వాతివే.

తర్వాత కెర్నల్ సందేశాలుండే డీమెసేజ్ లాగ్. వెతకాల్సిన మాటలు మూడు. ఫిఫో అండర్‌రన్ అంటే డిస్‌ప్లే ఇంజనుకు మెమరీ నుంచి డేటా సమయానికి అందలేదని. ఫ్లిప్_డన్ టైమ్డ్ అవుట్ అంటే కొత్త బఫరుకు మారమని చెప్పినా హార్డ్‌వేర్ నుంచి జవాబు రాలేదని. లింక్ ట్రైనింగ్ ఫెయిల్డ్ అంటే డిస్‌ప్లేపోర్ట్ లేదా ఈడీపీ (ల్యాప్‌టాప్ లోపలి తెరకు వాడే డిస్‌ప్లేపోర్ట్ రకం) తీగ మీద ఒప్పందం కుదరలేదని. మూడు యంత్రాల్లోనూ ఇవేవీ లేవు. లాగ్ శుభ్రంగా ఉండటం కూడా ఒక ఆధారమే. డ్రైవర్ తన దృష్టిలో అంతా సరిగానే చేస్తోందని దాని అర్థం.

కాంపోజిటర్‌ను పూర్తిగా పక్కన పెట్టే పరీక్ష ఇంకొకటి ఉంది. డెస్క్‌టాప్ సెషన్ ఆపేసి, కంట్రోల్+ఆల్ట్+ఎఫ్3 తో టెక్స్ట్ కన్సోల్‌కు వెళ్లి, లిబ్‌డీఆర్ఎంతో వచ్చే మోడ్‌టెస్ట్ నడపాలి. మోడ్‌టెస్ట్ -సీ ఇచ్చే కనెక్టర్ సంఖ్య చూసి, -ఎస్ తో ఆ సంఖ్య, రిజల్యూషను ఇచ్చి, చివర -వీ తగిలిస్తే బఫరు మార్పిళ్ల వేగాన్ని వరుసగా ముద్రిస్తుంది. 60 హెర్ట్జ్ ప్యానెల్‌కు 60 దగ్గర నిలకడగా ఉండాలి. మొదటి ల్యాప్‌టాప్‌లో నిలకడగానే ఉంది, కానీ అదే కన్సోల్లో మామూలుగా టైపు చేస్తే అక్షరాలు ఆలస్యమయ్యాయి. తెర నిరంతరం మారుతున్నప్పుడు బాగుండి, ఆగి ఆగి మారినప్పుడు చిక్కుకుంటోంది. ఈ ఒక్క తేడాతో అనుమానం పీఎస్ఆర్ మీదికి వెళ్లింది.

మొదటి ల్యాప్‌టాప్: పీఎస్ఆర్

పీఎస్ఆర్ అంటే ప్యానెల్ సెల్ఫ్ రిఫ్రెష్. ఎల్‌సీడీ ప్యానెల్‌కు సెకనుకు 60 సార్లు బొమ్మ అందుతూనే ఉండాలి, తెర మీద ఏమీ మారకపోయినా సరే. ఈ వృథాను తగ్గించడానికి ప్యానెల్లోనే చిన్న మెమరీ పెట్టారు. తెర కదలకుండా ఉంటే ప్యానెల్ చివరి ఫ్రేమును తన దగ్గర దాచుకుని తానే చూపించుకుంటుంది, జీపీయూ లింకు ఆపుకుని నిద్రపోతుంది. కొత్తగా ఏదైనా గీయగానే కెర్నల్ పీఎస్ఆర్ నుంచి బయటికి వచ్చి ఫ్రేము పంపాలి.

చిక్కంతా ఆ "గీయగానే" దగ్గరే. కాంపోజిటర్ పేజ్ ఫ్లిప్ చేస్తే కెర్నల్‌కు కచ్చితంగా తెలుస్తుంది. కాంపోజిటర్ లేని ఎక్స్ సెషనులోనో, టెక్స్ట్ కన్సోల్లోనో అయితే తెర మీద ఉన్న బఫరులోనే నేరుగా గీత పడుతుంది. అప్పుడు గీసినవాళ్లే డర్టీఎఫ్‌బీ పిలుపుతో కెర్నల్‌కు చెప్పాలి. ఆ కబురు అందకపోయినా, అందాక ప్యానెల్ సరిగ్గా మేలుకోకపోయినా పాత బొమ్మే కనిపిస్తుంది. పీఎస్ఆర్2లో ఇంకో మెలిక ఉంది: మొత్తం ఫ్రేము కాకుండా మారిన వరుసలను మాత్రమే పంపుతుంది. ఆ లెక్కలో తేడా వస్తే తెరలో కొన్ని అడ్డపట్టీలు మాత్రమే పాతవిగా మిగులుతాయి. మౌస్ కదిపితే కర్సర్ ప్లేన్ మారుతుంది, దాంతో కెర్నల్ ప్యానెల్‌ను మేల్కొలుపుతుంది, ఆగిన అక్షరాలన్నీ ఒక్కసారిగా వస్తాయి. ఫిర్యాదులో చెప్పింది సరిగ్గా ఇదే.

స్థితి చూడటానికి:

సుడో కాట్ /సిస్/కెర్నల్/డీబగ్/డీఆర్ఐ/0/ఐ915_ఈడీపీ_పీఎస్ఆర్_స్టేటస్

రెండు గ్రాఫిక్స్ చిప్పులున్న యంత్రాల్లో 0 బదులు 1 కావచ్చు. ఆ ఫోల్డర్లోని నేమ్ ఫైలు చదివితే ఏ డ్రైవరో తెలుస్తుంది. మనకు కావలసింది పీఎస్ఆర్ మోడ్ అనే వరుస. ఇక్కడ పీఎస్ఆర్2 ఎనేబుల్డ్ అని ఉంది.

రీబూట్ లేకుండానే ఆపి చూడవచ్చు:

ఎకో 1 | సుడో టీ /సిస్/కెర్నల్/డీబగ్/డీఆర్ఐ/0/ఐ915_ఈడీపీ_పీఎస్ఆర్_డీబగ్

ఇందులో 1 అంటే పూర్తిగా ఆపు, 3 అంటే పీఎస్ఆర్1కే పరిమితం చెయ్యి, 0 అంటే మామూలు స్థితి. సెక్యూర్ బూట్ వల్ల కెర్నల్ లాక్‌డౌన్ అమల్లో ఉంటే ఈ ఫైలు తెరుచుకోదు, ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ అంటుంది. అప్పుడు బూట్ పారామీటరే దారి. ఇక్కడ 1 రాయగానే అక్షరాలు వేళ్లతో పాటే రావడం మొదలైంది. 0 రాస్తే సమస్య తిరిగి వచ్చింది. 3 రాస్తే మళ్లీ పోయింది. ఒక స్విచ్చుకు సమస్య ఇలా వస్తూ పోతూ ఉంటేనే కారణం దొరికిందని రాసుకోవాలి. ఒక్కసారి పోయినంత మాత్రాన సరిపోదు.

ఇలా పరీక్షించాక ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=1 ఎంచుకున్నాం. ఈ పారామీటర్‌లో 0 పూర్తిగా ఆపుతుంది, 1 పీఎస్ఆర్1 వరకే అనుమతిస్తుంది, 2 పీఎస్ఆర్2 వరకు, -1 చిప్పును బట్టి డ్రైవరే నిర్ణయించుకునే డిఫాల్టు. డీబగ్ ఫైల్లో అంకెల అర్థం వేరు, పారామీటర్‌లో అర్థం వేరు. రెండింటినీ కలగాపులగం చేయకూడదు. ఎక్కడ చూసినా 0 పెట్టమనే సలహాయే కనిపిస్తుంది, కానీ 1 సరిపోయే చోట 0 పెట్టడం వృథా. పీఎస్ఆర్ పూర్తిగా ఆగితే తెర వెలిగి ఉన్నంతసేపూ డిస్‌ప్లే ఇంజను లోతైన నిద్రలోకి పోలేదు. నిద్ర నిలిచిందో లేదో ఐ915_డీఎంసీ_ఇన్ఫో ఫైల్లో చూడాలి. తెరను ఒక నిమిషం కదపకుండా వదిలి, ముందూ వెనకా చదివితే డీసీ5, డీసీ6 (ఆ లోతైన నిద్ర స్థితులు) కౌంటర్లు పెరిగి ఉండాలి. పెరిగాయి.

కొత్త చిప్పుల్లో ఐ915 బదులు ఎక్స్ఈ డ్రైవర్ అతుక్కుంటుంది. అది 6.8 కెర్నల్‌తో వచ్చింది. అక్కడ పారామీటర్ ఎక్స్ఈ.ఎనేబుల్_పీఎస్ఆర్ అవుతుంది. ఐ915 పేరుతో పెట్టినది అక్కడ ఏమీ చేయదు, లోపం ఉందని చెప్పను కూడా చెప్పదు.

అదే ల్యాప్‌టాప్: ఎక్స్ సర్వర్‌లో పాత డ్రైవర్

పీఎస్ఆర్ కుదిరాక ఎక్స్ సెషనులో చిన్న అవశేషాలు మిగిలాయి: మెనూ మూసినా దాని అంచు తెర మీద ఉండిపోతుంది. ఈసారి స్క్రీన్‌షాట్లోనూ ఆ అంచు వచ్చింది, అంటే ఇది మొదటి ముక్కలోని తప్పు. ఎక్స్ లాగ్‌లో ఇంటెల్(0) అనే వరుసలు కనిపించాయి. ఎక్స్ఎఫ్86-వీడియో-ఇంటెల్ ప్యాకేజీ వాడుకలో ఉందని దాని అర్థం. దాని 2.99.917 విడుదల 2014 నాటిది. ఆ తర్వాత అంకె కట్టిన విడుదల లేదు, పంపిణీలు గిట్ నుంచి తీసుకున్న ముక్కలనే ఇస్తున్నాయి. ప్యాకేజీ తీసేసి, /ఈటీసీ/ఎక్స్11/ఎక్సార్గ్.కాన్ఫ్.డీ లో డ్రైవర్ "ఇంటెల్" అని రాసిన ఫైలు ఉంటే దాన్ని పక్కకు జరిపితే, ఎక్స్ సర్వర్ తనలోనే ఉన్న మోడ్‌సెట్టింగ్ డ్రైవర్‌ను తీసుకుంటుంది. అవశేషాలు పోయాయి. ఆ ఫైలు వదిలేసి ప్యాకేజీ మాత్రమే తీస్తే ఎక్స్ అసలు మొదలే కాదు. ముందు ఫైలు, తర్వాత ప్యాకేజీ.

ప్యాకేజీ మారితే అవుట్‌పుట్ పేర్లూ మారతాయి. ఎక్స్‌ర్యాండార్ స్క్రిప్టుల్లో ఈడీపీ1 అని ఉన్నది ఈడీపీ-1 అవుతుంది.

మార్పును నిలబెట్టడం

మొదట ఒక్క బూట్‌కే పరీక్షించాలి: గ్రబ్ మెనూలో ఈ నొక్కి, లైనక్స్ అని మొదలయ్యే వరుస చివర పారామీటర్ చేర్చి, కంట్రోల్+ఎక్స్. బాగుంటేనే శాశ్వతం చేయాలి. డెబియన్, ఉబుంటుల్లో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లోని గ్రబ్_సీఎండీలైన్_లైనక్స్_డిఫాల్ట్ లో చేర్చి సుడో అప్‌డేట్-గ్రబ్. ఫెడోరాలో సుడో గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నల్=ఆల్ --ఆర్గ్స్="ఐ915.ఎనేబుల్_పీఎస్ఆర్=1".

మోడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్లో ఆప్షన్స్ వరుస రాసే పద్ధతి కూడా ఉంది. గ్రాఫిక్స్ డ్రైవర్ తరచూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) నుంచే లోడవుతుంది కాబట్టి దాన్ని మళ్లీ కట్టకపోతే ఆ వరుసను ఎవరూ చదవరు. డెబియన్‌లో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ, ఫెడోరాలో డ్రాకట్ -ఎఫ్, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ -పీ (పెద్ద అక్షరం). "పారామీటర్ పెట్టినా ఫలితం లేదు" అనే ఫిర్యాదులకు ఇది పెద్ద కారణం. పెట్టాక /సిస్/మాడ్యూల్/ఐ915/పారామీటర్స్/ఎనేబుల్_పీఎస్ఆర్ ను సుడోతో చదివి, అంకె నిజంగా చేరిందో లేదో చూడాలి.

రెండో ల్యాప్‌టాప్: తెల్లని మెరుపులు

ఏఎండీజీపీయూలో పీఎస్ఆర్ స్విచ్చులు డీసీడీబగ్‌మాస్క్ అనే ఒకే సంఖ్యలో బిట్లుగా ఉన్నాయి. 0ఎక్స్10 పీఎస్ఆర్‌ను మొత్తం ఆపుతుంది. 0ఎక్స్200 పీఎస్ఆర్-ఎస్‌యూ అనే పాక్షిక రకాన్ని మాత్రమే ఆపుతుంది. 0ఎక్స్400 ప్యానెల్ రీప్లేను (పీఎస్ఆర్ లాంటి మరో పద్ధతిని) ఆపుతుంది. రెండు కావాలంటే కూడాలి: 0ఎక్స్600 అంటే చివరి రెండూ. అన్నింటికన్నా ఇరుకైన 0ఎక్స్200 తో మొదలుపెట్టాం. మెరుపులు తగ్గలేదు. 0ఎక్స్400, 0ఎక్స్10 కూడా విడివిడిగా చూశాం, తేడా లేదు. పీఎస్ఆర్‌ను నిర్దోషిగా వదిలేసి ఆ పారామీటర్‌ను పూర్తిగా తీసేశాం. పనికిరాని స్విచ్చును లైన్లో ఉంచకూడదు.

తర్వాతి అనుమానం స్కాటర్-గ్యాదర్ డిస్‌ప్లే. ఏపీయూకు సొంత మెమరీ ఉండదు, సిస్టమ్ ర్యామ్‌లో కొంత భాగాన్ని బయోస్ దానికి విడిగా కేటాయిస్తుంది. స్కాటర్-గ్యాదర్ ఆన్‌లో ఉంటే తెర బఫరు ఆ కేటాయింపు బయట, మామూలు ర్యామ్‌లో ముక్కలుముక్కలుగా కూడా ఉండవచ్చు. డిస్‌ప్లే ఇంజను ఆ ముక్కలను అడ్రసు పట్టికల ద్వారా వెతుక్కుంటూ చదవాలి. కొన్ని యంత్రాల్లో ఇక్కడే తెల్లని తెర, మెరుపులు వస్తాయి. మెమరీ ఒత్తిడి పెరిగినప్పుడు, అంటే బ్రౌజరులో చాలా ట్యాబులు తెరిచినప్పుడు మెరుపులు ఎక్కువవడం దానికి సరిపోయింది. ఏఎండీజీపీయూ.ఎస్‌జీ_డిస్‌ప్లే=0 పెట్టగానే పోయాయి, తీస్తే తిరిగి వచ్చాయి.

అయితే ఇది ఆపితే తెర బఫర్లన్నీ బయోస్ కేటాయింపులోనే పట్టాలి. లెక్క వేయాలి: 3840×2160 బఫరుకు పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే 3,31,77,600 బైట్లు, సుమారు 32 ఎంబీ. మూడు బఫర్లకు దాదాపు 95 ఎంబీ. కేటాయింపు ఎంతో /సిస్/క్లాస్/డీఆర్ఎం/కార్డ్0/డివైస్/మెమ్_ఇన్ఫో_వీర్యామ్_టోటల్ చెబుతుంది, బైట్లలో. 512 ఎంబీ ఉంటే ఇబ్బంది లేదు. 64 ఎంబీ మాత్రమే ఇచ్చే బయోస్‌లో 4కే మానిటర్ తగిలిస్తే మెరుపులు పోయి కొత్త తిప్పలు మొదలవుతాయి. ముందు బయోస్‌లో యూఎంఏ ఫ్రేమ్ బఫర్ సైజు పెంచుకోవాలి.

అదే ల్యాప్‌టాప్: 30 హెర్ట్జ్ దగ్గర ఆగిన మానిటర్

దీన్ని డ్రైవర్ మీదికి నెట్టేముందు లెక్క చూడాలి. 4కే 60 హెర్ట్జ్ టైమింగులో ఖాళీ భాగాలు కలుపుకుని అడ్డంగా 4400, నిలువుగా 2250 ఉంటాయి. 4400×2250×60 అంటే పిక్సెల్ క్లాకు 594 మెగాహెర్ట్జ్. 30 హెర్ట్జ్‌కు అందులో సగం, 297. హెచ్‌డీఎంఐ 1.4 పరిమితి 340, హెచ్‌డీఎంఐ 2.0 పరిమితి 600. సరిగ్గా 30 దగ్గర ఆగిందంటే దారిలో ఎవరో 1.4 మాట్లాడుతున్నారు.

ఎక్స్‌ర్యాండార్ న్యూమోడ్‌తో 60 హెర్ట్జ్‌ను బలవంతంగా చేర్చడం ఇక్కడ పనికిరాదు. కెర్నల్ ప్రతి మోడ్ క్లాకునూ పరిమితితో పోల్చి, దాటితే తిరస్కరిస్తుంది. అది మొండితనం కాదు, అవతలివాళ్లు పట్టలేమని చెప్పినదాన్ని గౌరవించడం. ఆ చెప్పినది ఏమిటో ఈడీఐడీ (మానిటర్ తన సామర్థ్యాలను తెలిపే సమాచారం) లో చూడాలి:

ఈడీఐడీ-డీకోడ్ /సిస్/క్లాస్/డీఆర్ఎం/కార్డ్0-హెచ్‌డీఎంఐ-ఏ-1/ఈడీఐడీ

మ్యాగ్జిమమ్ టీఎండీఎస్ క్లాక్ (హెచ్‌డీఎంఐ సిగ్నల్ గరిష్ఠ క్లాకు) 300 అని ఉంది, 2.0 సామర్థ్యాన్ని తెలిపే హెచ్‌డీఎంఐ ఫోరమ్ డేటా బ్లాకు అసలే లేదు. మానిటరే తాను 1.4 అని చెబుతోంది. దాని సొంత మెనూలో హెచ్‌డీఎంఐ మోడ్ 1.4, 2.0 మధ్య మార్చే ఎంపిక దొరికింది. 2.0కు మార్చి, కేబుల్ పీకి పెడితే ఈడీఐడీ మారింది, 60 హెర్ట్జ్ తానే వచ్చింది. చాలా 4కే మానిటర్లలో ఈ ఎంపిక ప్రతి పోర్టుకూ విడిగా ఉంటుంది. పాత పరికరాలతో ఇబ్బంది రాకూడదని కొన్ని ఫ్యాక్టరీ నుంచే 1.4లో వస్తాయి.

60 వచ్చాక కొత్త ఫిర్యాదు: అప్పుడప్పుడూ తెర ఒకట్రెండు సెకన్లు నల్లబడి తిరిగి వస్తోంది. లాగ్‌లో ఒక్క మాటా లేదు. డిస్‌ప్లేపోర్ట్ అయితే లింకు తెగినప్పుడు మళ్లీ ట్రైనింగ్ జరుగుతుంది, జాడ దొరుకుతుంది. హెచ్‌డీఎంఐ 2.0లో అలాంటి ట్రైనింగే లేదు కాబట్టి సిగ్నల్ చెడినా డ్రైవర్‌కు సాధారణంగా తెలియదు. 297 మెగాహెర్ట్జ్ దగ్గర నిలబడిన కేబుల్ 594 దగ్గర నిలబడకపోవడం మామూలే. 18 గిగాబిట్లకు పరీక్షించిన ప్రీమియం హై స్పీడ్ కేబుల్, పొడవు రెండు మీటర్లలోపు. మార్చాక నల్లబడటం లేదు.

ఇక్కడే ఒక పరిమితి రాసి ఉంచాలి. రంగు సమాచారం తగ్గించకుండా 4కే 120 హెర్ట్జ్‌కు హెచ్‌డీఎంఐ 2.1 కావాలి. దాన్ని ఓపెన్ సోర్స్ ఏఎండీజీపీయూలో అమలు చేయాలన్న ప్రతిపాదనను హెచ్‌డీఎంఐ ఫోరం ఒప్పుకోలేదని 2024లో తెలిసింది. ఆ వేగం కావలసినవారికి డిస్‌ప్లేపోర్ట్ మేలు: హెచ్‌బీఆర్3 అనే వేగంలో నాలుగు లేన్ల మీద అసలు డేటాకు 25.92 గిగాబిట్లు దొరుకుతాయి.

డెస్క్‌టాప్: వెనక్కి వెళ్లే ఫ్రేములు

అక్షరం కొట్టగానే కనిపించి, మాయమై, మళ్లీ వస్తే అది సింక్ సమస్య. ఇది ఎక్స్‌వేలాండ్ (ఎక్స్ కోసం రాసిన అప్లికేషన్లను వేలాండ్‌లో నడిపేది) విండోల్లో మాత్రమే వస్తోంది, అసలైన వేలాండ్ విండోల్లో లేదు. ఎక్స్‌ప్రాప్ ఆదేశం ఇచ్చి విండో మీద క్లిక్ చేస్తే, జవాబు వచ్చిన విండో ఎక్స్‌వేలాండ్‌ది.

అప్లికేషన్ గీయమని జీపీయూకు చెప్పడం వేరు, జీపీయూ గీయడం ముగించడం వేరు. ముగియకముందే కాంపోజిటర్ ఆ బఫరు తీసుకుంటే అందులో పాత బొమ్మే ఉంటుంది. మెసా డ్రైవర్లలో ఈ ఎదురుచూపును కెర్నల్ బఫరుకే కట్టి ఉంచుతుంది, దాన్ని ఇంప్లిసిట్ సింక్ అంటారు. ఎన్‌విడియా సొంత డ్రైవర్ ఆ పద్ధతి మీద ఆధారపడదు. ఎప్పుడు తీసుకోవచ్చో ఇరువైపులా బాహాటంగా చెప్పుకునే ఎక్స్‌ప్లిసిట్ సింక్ దానికి కావాలి. అందుకు వేలాండ్‌లో లైనక్స్-డీఆర్ఎం-సింకాబ్జ్ ప్రొటోకాల్ 2024లో వచ్చింది. డ్రైవర్‌లో 555 శ్రేణి, ఎక్స్‌వేలాండ్‌లో 24.1, కేడీఈ ప్లాస్మా డెస్క్‌టాప్‌లో 6.1 నుంచి ఉంది. మూడూ ఉంటేనే పని జరుగుతుంది, ఒక్కటి పాతదైనా గొలుసు తెగినట్టే.

కాట్ /ప్రాక్/డ్రైవర్/ఎన్‌విడియా/వెర్షన్ చూశాం: డ్రైవర్ కొత్తదే. వేలాండ్-ఇన్ఫో జాబితాలో సింకాబ్జ్ ఉంది, కాంపోజిటర్ కూడా సరే. ఎక్స్‌వేలాండ్ -వెర్షన్ 23 శ్రేణి అంది. దాన్ని 24.1కు పెంచి, లాగవుట్ అయి తిరిగి వచ్చాక వెనక్కి వెళ్లడం ఆగింది. /సిస్/మాడ్యూల్/ఎన్‌విడియా_డీఆర్ఎం/పారామీటర్స్/మోడ్‌సెట్ లో వై ఉందో లేదో కూడా చూడాలి. ఎన్ ఉంటే ఎన్‌విడియా-డీఆర్ఎం.మోడ్‌సెట్=1 చేర్చాలి, అది లేకుండా వేలాండ్ గురించి మాట్లాడటమే అనవసరం.

పాక్షిక రీడ్రా మీద అనుమానం వస్తే

ఈ మూడింటిలో రాలేదు కానీ తరచూ ఎదురయ్యే నాలుగో రకం: మామూలు స్క్రీన్‌షాట్ శుభ్రం, కేఎంఎస్‌గ్రాబ్‌లో మాత్రం తేడా. కాంపోజిటర్ మారిన భాగాన్నే గీసి, మిగతాది పాత బఫరులో ఉన్నదే వాడుకుంటుంది. ఆ బఫరు ఎన్ని ఫ్రేముల కిందటిదో డ్రైవర్ తప్పు చెబితే, తెర రెండు స్థితుల మధ్య ఊగుతుంది. గ్నోమ్‌లో క్లటర్_పెయింట్=డిసేబుల్-క్లిప్డ్-రీడ్రాస్, ప్లాస్మా కాంపోజిటర్ కేవిన్‌లో కేవిన్_యూజ్_బఫర్_ఏజ్=0, ఎక్స్ కాంపోజిటర్ పైకామ్‌లో యూజ్-డ్యామేజ్ = ఫాల్స్. మొదటి రెండూ సెషను మొదలయ్యేలోపు ఎన్విరాన్‌మెంట్‌లో ఉండాలి, తర్వాత టెర్మినల్లో పెడితే లాభం లేదు. ఇవి రోగనిర్ధారణకు. ప్రతి ఫ్రేముకూ తెర మొత్తం గీయడం జీపీయూకు భారం కాబట్టి, తేలాక మెసాను పెంచి వీటిని తీసేయాలి. తేడా ఫైర్‌ఫాక్స్ ఒక్కదానిలోనే ఉంటే అబౌట్:కాన్ఫిగ్‌లో జీఎఫ్ఎక్స్.వెబ్‌రెండర్.మ్యాక్స్-పార్షియల్-ప్రెజెంట్-రెక్ట్స్ ను 0 చేస్తే చాలు, సిస్టమ్ జోలికి పోనక్కర్లేదు.

ఇంకా మిగిలిన పని

మొదటి ల్యాప్‌టాప్‌లో పీఎస్ఆర్2, రెండోదానిలో స్కాటర్-గ్యాదర్: రెండూ ఇప్పుడు ఆపి ఉంచినవే, బాగైనవి కావు. వీటి మీద బగ్ నివేదికలు తయారవుతున్నాయి. ఒకటి ఫ్రీడెస్క్‌టాప్ గిట్‌ల్యాబ్‌లో డీఆర్ఎం/ఐ915 విభాగానికి, ఒకటి డీఆర్ఎం/ఏఎండీకి. నివేదిక కోసం పారామీటర్ తీసేసి, డీఆర్ఎం.డీబగ్=0ఎక్స్10ఈ లాగ్_బఫ్_లెన్=16ఎం తో బూట్ చేసి, సమస్య వచ్చిన వెంటనే డీమెసేజ్ తీయాలి. ఆ సంఖ్యలో డ్రైవర్ బిట్టు 2, కేఎంఎస్ 4, ప్రైమ్ 8, డిస్‌ప్లేపోర్ట్ 0ఎక్స్100 కలిసి ఉన్నాయి. లాగ్ బఫరు పెంచకపోతే బూట్ సమయంలోని వరుసలు కొట్టుకుపోతాయి, అసలు కావలసినవి అవే. దానికి ఈడీఐడీ ఫైలు, పీఎస్ఆర్ స్టేటస్, ఫోన్ వీడియో, ఏ స్విచ్చుతో పోతుంది, ఏ స్విచ్చుతో తిరిగి వస్తుంది అన్న నాలుగు వరుసలు జతచేస్తున్నాం. కెర్నల్ ప్రధాన వెర్షను మారిన ప్రతిసారీ ఈ రెండు పారామీటర్లు తీసేసి మళ్లీ పరీక్షించాలని రెండు యంత్రాల గ్రబ్ ఫైల్లోనూ ఒక కామెంట్ వరుస రాసి పెట్టాం.